ఉప్పునీళ్ళలో బావి ఈత

అమ్మ పెట్టె తెరవడానికి నాకు ఏడాది పట్టింది. బద్ధకం అనుకోండి, భయం అనుకోండి, ఏదో ఒకటి. సంవత్సరీకాలు కూడా అయిపోయాక, ఇంక చెప్పుకోవడానికి సాకు మిగలక, మొన్న ఒక మధ్యాహ్నం అటక మీంచి దింపించాను. మెరూన్ రంగు పెట్టె. ఒక చక్రం విరిగింది. పిడికి దోహా విమానం నాటి కాగితపు చీటీ ఇంకా అంటుకునే ఉంది. మూత తీయగానే కలరా ఉండల వాసన, దాని కింద సన్నగా అమ్మ వాడే చందనం సబ్బు వాసన. రెండు పట్టుచీరలు, నాన్న కళ్ళజోడు, నా స్కూలు ఫొటో ఒకటి, పసుపు గుడ్డలో చుట్టిన నా జాతకం పుస్తకం. అన్నిటికీ అడుగున ఒక ప్లాస్టిక్ కవరు, అందులో చుట్ట చుట్టి పెట్టిన నీలం రంగు నైలాను తాడు. బట్టలు ఆరేసుకునే మామూలు తాడే. ఎండకి వెలిసిపోయి, ఉప్పు పట్టి గరగరలాడుతోంది. దాన్ని చేతిలోకి తీసుకుని అక్కడే నేల మీద కూలబడ్డాను. మా ఆయన వచ్చి చూసి, "చీరలు చూసి ఏడిస్తే అర్థముంది, తాడు చూసి ఏడుస్తావేంటి?" అన్నారు. ఆయనకి చెప్పాలన్నా, మీకు చెప్పాలన్నా, తాడు కంటే ముందు మా బాత్‌టబ్బు సంగతి చెప్పాలి.

నాన్న దోహాలో ఒక కట్టడాల కంపెనీలో ఇంజనీరు. నాకు పదకొండేళ్ళప్పుడు అమ్మనీ నన్నూ అక్కడికి తీసుకెళ్ళారు. విమానాశ్రయం పక్కనే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక పెద్ద విల్లాకి మధ్యలో గోడలు పెట్టి మూడు వాటాలు చేస్తే వెనక వాటా మాది. విమానం దిగిన ప్రతిసారీ వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలమనేవి. అమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, విమానం చప్పుడు సద్దుమణిగాక, ఆగిన ముక్క దగ్గర్నుంచే మళ్ళీ అందుకునేది. ఆ వాటాలో గొప్ప వస్తువేదైనా ఉందంటే అది గులాబీ రంగు బాత్‌టబ్బు. మనిషి కాళ్ళు జాపుకుని పడుకోవచ్చు. చూసిన రోజున నేను ఎగిరి గంతేశాను. అమ్మ దాన్ని కాసేపు అనుమానంగా చూసి, మర్నాటికల్లా అందులో రెండు బియ్యం మూటలు, ఒక ఎండుమిరపకాయల బస్తా, పైన బోర్లించిన ఇడ్లీ కుక్కరు పెట్టేసింది. మేమున్న ఆరేళ్ళలో ఆ టబ్బులో చుక్క నీళ్ళు పడలేదు. ఎండాకాలం అక్కడ కుళాయి తిప్పితే సలసల మరిగే నీళ్ళొస్తాయి కదా, పొద్దున్నే బకెట్లలో పట్టి చల్లారబెట్టి, పక్కనే స్టూలు మీద కూర్చుని చెంబుతో పోసుకునేవాళ్ళం, మిరపకాయల ఘాటుకి తుమ్ముకుంటూ.

పైగా నేను స్నానానికి వెళితే తలుపు గడియ పెట్టకూడదు. రెండు నిమిషాలకోసారి అమ్మ వచ్చి తలుపు తట్టేది.

"ఉన్నావా?"

"ఉన్నానమ్మా!"

మళ్ళీ రెండు నిమిషాలకి, "ఉన్నావా?"

"ఉన్నానమ్మా! చెంబుతో నీళ్ళు పోసుకునేవాళ్ళు ఎక్కడికి పోతారు!"

కారణం ఏంటంటే, నాకు జలగండం. జాతకంలో ఉందట. పద్నాలుగో ఏట నీళ్ళ వల్ల ప్రాణాపాయం. ఆ మాట నాకు ఎప్పుడు మొదటిసారి చెప్పిందో గుర్తులేదు. నాకు పాలపళ్ళు ఊడుతున్నప్పటి నుంచీ తెలుసు. కొందరు పిల్లలకి పల్లీలు పడవు, కొందరికి దుమ్ము పడదు, నాకు నీళ్ళు పడవు, అంతే. కార్నిష్ అనే సముద్రపు గట్టు మీద సాయంత్రం నడకకి వెళితే నేను సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు నడవాలి. స్కూలు వాళ్ళు పడవ షికారుకి తీసుకెళితే నాకు ఆ రోజు జ్వరం. నాన్నకి ఇవేవీ నమ్మకం లేదని ఆయన మొహం చూస్తే తెలిసేది, కానీ ఈ ఒక్క విషయంలో అమ్మకి ఎదురు చెప్పేవారు కాదు. "మీ అమ్మ సంగతి మీ అమ్మకి తెలుసులే" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. అదేం మాటో నాకు అప్పుడు అర్థం కాలేదు. మూడు వైపులా సముద్రమున్న దేశానికి తీసుకొచ్చి సముద్రం చూడొద్దనడం ఏంటని నేను విసుక్కునేదాన్ని. విసుక్కునేదాన్నే గానీ, నిజం చెప్పొద్దూ, నమ్మాను. నీళ్ళకి నా పేరు తెలుసనీ, నా కోసమే కాచుకుని ఉన్నాయనీ గట్టిగా నమ్మాను.

ఇక్కడ మల్లయ్య మామ గురించి చెప్పాలి. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. నాన్న కంపెనీలో పికప్ నడిపేవాడు. నలభై అయిదేళ్ళుంటాయేమో, సన్నగా, పొడుగ్గా, నుదుటి మీద చెమట గీతలు గీసినట్టు ఉండేవాడు. శుక్రవారం డ్యూటీ ఉండదు కాబట్టి పనివాళ్ళుండే క్యాంప్ నుంచి మా ఇంటికి వచ్చి, ఇంటినుంచి వచ్చిన ఉత్తరం నాన్న చేత చదివించుకుని, జవాబు అమ్మ చేత రాయించుకునేవాడు. అమ్మ రాత గుండ్రంగా ఉంటుందని వాళ్ళావిడకి ఇష్టమట. ఉత్తరం అయ్యాక భోజనం. అమ్మది భీమవరం వైపు కాలవ గట్టు ఊరు, ఏ పులుసులోనైనా ఇంత బెల్లం ముక్క పడాల్సిందే. మల్లయ్య మామ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "అమ్మా, గిది చారా, పాయసమా?" అన్నాడు. అమ్మకి రోషం వచ్చి, "మీరు చేసి చూపించండి మరి" అంది. ఆయన లేచి చింతపండు పిసికి, పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ ముక్కలు నలిపి పచ్చిపులుసు చేశాడు. పొయ్యి వెలిగించకుండా పులుసేంటని అమ్మ నవ్వింది. నవ్వి, రెండోసారి వడ్డించుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో ప్రతి శుక్రవారం పచ్చిపులుసే. అమ్మ ఆయన్ని 'మల్లయ్య గారూ' అనేది. "గారు అనకుండ్రి అమ్మా, ఎన్కకు ఇంకెవలన్న ఉన్నరేమోనని సూసుకుంటున్న" అనేవాడు. నేను అంకుల్ అంటే ఒప్పుకోలేదు, మామా అనమన్నాడు.

నాకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా, ఎండలు కాస్త తగ్గాక, కంపెనీ వాళ్ళు కుటుంబాలన్నిటినీ వక్రా సముద్రం ఒడ్డుకి పిక్నిక్‌కి తీసుకెళ్ళారు. రానని అమ్మ ఎంత మొత్తుకున్నా, నాన్న పెద్ద ఇంజనీరు కాబట్టి తప్పలేదు. అల్ వుకైర్ అనే ఊరు దాటేదాకా అటూ ఇటూ ఇసుకే, ఆ ఇసుక చివర ఆకుపచ్చగా నీళ్ళు. అక్కడి సముద్రం మన సముద్రంలా అరవదు. పళ్ళెంలో పోసినట్టు ఉంటుంది, ఎంత దూరం నడిచినా మోకాలు దాటదు. పిల్లలంతా నీళ్ళలో ఉన్నారు. నేను అమ్మ పక్కన చాప మీద పులిహోర డబ్బాకి కాపలా. అమ్మ ఎవరితోనో మాటల్లో పడ్డప్పుడు ఒక గవ్వ మెరుస్తుంటే లేచి వెళ్ళాను. నాలుగడుగులు వేశానో లేదో కాలు జారి బోర్లా పడ్డాను.

తర్వాత జరిగింది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. నేను లేవలేదు. లేవడానికి ప్రయత్నం కూడా చేయలేదు. మొహానికి ఉప్పునీళ్ళు తగలగానే, 'ఓహో, వచ్చేసింది కాబోలు' అనుకున్నాను. ఇన్నేళ్ళూ వస్తాడు వస్తాడని చెప్పిన చుట్టం వచ్చినట్టే. చేతులూ కాళ్ళూ వాటంతటవే ముడుచుకుపోయాయి. ముక్కులోకి, నోట్లోకి నీళ్ళు పోతున్నాయి, నేను మాత్రం బుద్ధిగా మునిగిపోతున్నాను. ఎవరో జబ్బ పట్టుకుని పైకి లేపారు.

"నిలవడు బిడ్డా, నిలవడు! అరె, మోకాళ్ల మట్టుకు గూడ లేవు నీళ్లు!"

మల్లయ్య మామ. నిలబడి చూసుకుంటే నిజంగానే నీళ్ళు నా పిక్కల దాకా ఉన్నాయి. అమ్మ పరుగెత్తుకొచ్చి ముందు వీపు మీద రెండు వేసింది, తర్వాత కావలించుకుంది, తర్వాత ఇసకలోనే కూర్చుండిపోయింది. ఆమె పళ్ళు టకటక కొట్టుకోవడం నాకు వినపడింది. అంత ఎండలో అమ్మ వణకడం ఎప్పుడూ చూడలేదు.

మరుసటి శుక్రవారం ఉత్తరం రాయించుకున్నాక మల్లయ్య మామ వెంటనే లేవలేదు. కండువా మడతపెట్టి విప్పి, మడతపెట్టి విప్పి, చివరికి అన్నాడు.

"అమ్మా, ఒక్క మాట చెప్త, ఏమనుకోకుండ్రి. మొన్న పిల్ల నీళ్లకు మునగలే, భయానికి మునిగింది. నేను ఈత నేర్పుత."

"దానికి జలగండం ఉందండీ మల్లయ్య గారూ" అంది అమ్మ, అంతకంటే చెప్పేదేముంది అన్నట్టు.

"ఉంటె మరీ మంచిది గదమ్మా. గండం ఉన్నోల్లకే గద ఈత రావాలె? లేనోల్లకు వస్తె ఎంత, రాకపోతె ఎంత?"

పేపరు వెనక నాన్న భుజాలు కదలడం చూశాను. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వారం రోజులు ఆ ఊసే లేదు. అన్నం పెట్టింది, జడ వేసింది, తలుపు తట్టింది, అన్నీ మామూలే. గురువారం సాయంత్రం బెండకాయలు తరుగుతూ, తల ఎత్తకుండానే అంది. "నడుముకి తాడు కట్టాలి. రెండో కొస నా చేతిలో ఉండాలి. అలా అయితేనే." మల్లయ్య మామకి వీసా అయిపోతోంది, ఇంక పూర్తిగా ఇంటికి వెళ్ళిపోతున్నాడు. ఉన్నవి ఏడు శుక్రవారాలు. ఏడు శుక్రవారాల్లో నేర్చుకుంటే నేర్చుకున్నట్టు, లేకపోతే నాకు ఇంకెవరూ నేర్పరు, అమ్మ ఇంకెవరినీ ఒప్పుకోదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

మొదటి శుక్రవారం తెల్లవారి నమాజు అయ్యి జనం లేని వేళ, పోటు మీద కాస్త లోతు దొరికే చోటు చూసుకుని నిలబడ్డాం. నేను సల్వారు కమీజులో, నడుముకి నీలం తాడుతో. అమ్మ రెండో కొస మణికట్టుకి మూడు చుట్లు చుట్టుకుని. నాన్న ఫ్లాస్కు పట్టుకుని. ఇక మల్లయ్య మామ దిగాలి. ఆయన లుంగీ ఎగ్గట్టాడు, అలలకేసి చూశాడు, దించాడు. మళ్ళీ ఎగ్గట్టాడు.

"యల్లా మల్లయ్యా, పద" అన్నారు నాన్న.

"సార్, ఒక ముచ్చట చెప్పాలె. నేను సముద్రంల ఎన్నడు దిగలే."

అమ్మ నిర్ఘాంతపోయింది. "అయ్యబాబోయ్! మరి ఈత నేర్పుతానన్నారు?"

"బాయిల నేర్సుకున్ననమ్మా. మా ఊల్లె గింత పెద్ద మోట బాయి. మీదికెల్లి దునికితె అడుగున మట్టి తెచ్చేటోన్ని. సముద్రం మనిషిని గుంజుకపోతదని మా అవ్వ చెప్పింది. ఈడికొచ్చి ఏడేండ్లాయె, కాలు గూడ తడుపలే. మొన్న పిల్ల పడ్డదని ఉరికిన, గంతే. ఇంటికి పోయినంక యాదికొచ్చి కాళ్లు వణికినయ్."

వాళ్ళవ్వ అంటే వాళ్ళమ్మ. అమ్మ ఆయన్ని చూసి, నన్ను చూసి, ఒక్కసారిగా నవ్వేసింది. పిక్నిక్ తర్వాత అమ్మ నవ్వడం అదే మొదటిసారి. "బావుంది. దీనికి జాతకం, మీకు అవ్వ. ఇద్దరూ సరిపోయారు" అంది. ఆ నవ్వుకి ఆయనకి పౌరుషం వచ్చిందో, ధైర్యమే వచ్చిందో, ఏదో దేవుడి పేరు గొణుక్కుంటూ నడుం లోతుకి పోయి మునిగాడు. తేలి, చేతులు వేశాడు. తిన్నగా పోతాడనుకుంటే ఎడమకి తిరిగి, ఇంకా తిరిగి, గుండ్రంగా చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చి నిలబడ్డాడు. బావి గుండ్రంగా ఉంటుంది, గోడ వెంట ఈదడమే అలవాటు. ఇంత సముద్రం ముందు పెట్టినా ఆయన కాళ్ళకి ఆ బావే తెలుసు. మొహం మీద నీళ్ళు తుడుచుకుని పసిపిల్లాడిలా అరిచాడు.

"అగో, గిదేంది! ముంచుతలేదమ్మా, లేపుతున్నది! బాయి నీళ్ల కంటె అల్కగున్నది పానం!"

తర్వాత నా దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు. "సూడు బిడ్డా, బాయి ఈత వేరు, గిది వేరు. నేను గూడ ఇయ్యాలటి సంది నేర్సుకుంటున్న. ఇద్దరం కలిసి నేర్సుకుందాం." నేర్పేవాడికే రాదంటే నాకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. గురువంటే అన్నీ తెలిసినవాడని నా లెక్క. ఈయన చూస్తే ప్రతిదానికీ "సూద్దాం", "ఏమో", "గిట్ల చేస్తె ఏమైతదో" అంటాడు.

వాళ్ళ దిక్కు పిల్లల వీపుకి ఎండిన సొరకాయలు కడతారట. ఇక్కడ సొరకాయ బుర్రలెక్కడివి? రెండు ఖాళీ నూనె డబ్బాలు మూతలు బిగించి, తువ్వాలుతో నా వీపుకి కట్టాడు. అవి నన్ను తేల్చడానికి శాయశక్తులా ప్రయత్నించాయి, నేను మునగడానికి అంతకంటే ఎక్కువ ప్రయత్నించాను. గడ్డానికి నీళ్ళు తగిలితే చాలు, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుపోయేవి. దానికి తోడు ఒడ్డున అమ్మ. కాస్త నీళ్ళు చిందితే చాలు, చేద తోడినట్టు తాడు లాగేసేది. నేను వెల్లకిలా ఈడ్చుకుంటూ ఒడ్డుకి. "అమ్మా, గట్ల గుంజితె పిల్ల నడుం ఇరుగుతది" అని ఆయన మొత్తుకునేవాడు. రెండో శుక్రవారం, మూడో శుక్రవారం కూడా ఇదే తంతు. ఇంటికొచ్చి తలంటుకుంటుంటే తలుపు అవతల "ఉన్నావా?", నేను ఏడుపు గొంతుతో "ఉన్నానమ్మా!"

నాలుగో శుక్రవారం ఆయన డబ్బాలు విప్పేసి, నన్ను నీళ్ళంచున కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు.

"నీళ్లు గదుమకు తాకంగనె లోపట ఏమనుకుంటవ్ బిడ్డా? నిజం చెప్పు."

"ఇప్పుడే చచ్చిపోతానని" అన్నాను. "గండం నిజమే మామా. మొన్న చూశావుగా."

ఆయన అదంతా ఉత్తదేనని అంటాడని ఎదురుచూశాను. అంటే పోట్లాడదామని సిద్ధంగా ఉన్నాను కూడా. ఆయన గుప్పెడు తడి ఇసక తీసి నీళ్ళలోకి వదిలాడు.

"ఉన్నదో లేదో నాకు తెల్వది" అన్నాడు. "మా అవ్వ చెప్పింది నేను ఏడేండ్లు నమ్మిన. దిగి సూసినంకనె ఎరుకైంది. నీది గూడ నీకు తెల్వది, గంతే. తెల్వదు అనుకో సాలు. లేదని నమ్మకు, ఉన్నదని నమ్మకు. పది ఎంచేదాక కాళ్లు కొట్టు. పది అయినంక మల్ల భయపడుదువు గని."

నన్నెవరూ అంతవరకూ అలా అడగలేదు. అమ్మ ఉందంది, స్కూల్లో స్నేహితులు లేదని ఎగతాళి చేశారు. తెలియదనుకోమని ఆయనొక్కడే అన్నాడు. పదే కదా, పది లెక్కపెట్టేదాకా వాయిదా వేస్తే పోయేదేముంది అనుకుని, డబ్బాలు మళ్ళీ కట్టించుకుని దిగాను. ఒకటి, రెండు, మూడు. ఏడు దగ్గర కాళ్ళు ముడుచుకున్నాయి. మళ్ళీ. ఈసారి తొమ్మిది. పది దాటిన తర్వాత భయపడడం మర్చిపోయానని నాకు పదహారు దగ్గర గుర్తొచ్చి, వెంటనే గబుక్కున మునిగి బోలెడు ఉప్పునీళ్ళు తాగాను. ఆయన ఒకటే నవ్వు. ఆ తర్వాతి శుక్రవారం ఆయన అరచేయి నా తల కింద ఉండగా వెల్లకిలా తేలాను. చెవులు నీళ్ళలోకి వెళ్ళగానే లోకం చప్పుడంతా ఆగిపోయి నా ఊపిరి నాకు వినపడింది. పైన విమానం ఒకటి చప్పుడు లేకుండా పోతోంది. ఆయన చేయి ఎప్పుడు తీశాడో ఇప్పటికీ నాకు తెలీదు. ఆరో శుక్రవారం వీపు మీది ఒక డబ్బా విప్పేశాడు.

ఏడో శుక్రవారం రెండోదీ పోయింది. తాడు మాత్రం ఉంది. నేను చేతులు వేశాను. గురువుగారి శిష్యరికం కదా, తిన్నగా పోదామని బయలుదేరి ఎడమకి తిరిగాను. గుండ్రంగా తిరిగేసరికి తాడు మధ్యలో నిలబడ్డ మల్లయ్య మామ నడుముకి చుట్టుకుంది. రెండోసారి తిరిగేసరికి ఆయన చేతులు కూడా కట్టేసింది. మూడోసారి నా కాళ్ళకే పడింది. తాడు విప్పుకోవడం, మళ్ళీ బయలుదేరడం, మళ్ళీ చిక్కు. ఒడ్డున నాన్న పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. మల్లయ్య మామ నవ్వలేదు. ఆ చిక్కుముడిలోంచే ఒడ్డుకేసి చూసి, "అమ్మా, పిల్లకు ఈత వచ్చింది. గీ తాడే అడ్డమైతున్నది" అన్నాడు.

అమ్మ తన చేతిలోని తాడు కేసి చూసుకుంది. నాన్న నవ్వు ఆపేశారు. ఆవిడ మణికట్టు మీది చుట్లు ఒక్కొక్కటే విప్పి, తాడు నాన్నకిచ్చి, చీర కుచ్చిళ్ళు కూడా ఎత్తుకోకుండా నీళ్ళలోకి నడిచొచ్చింది. చీలమండలు, మోకాళ్ళు, నడుము. అమ్మ నీళ్ళలోకి రావడం నేనెప్పుడూ చూడలేదు. పెదాలు తెల్లబడిపోయాయి. నా దగ్గరకొచ్చి నా నడుము దగ్గర ముడి విప్పబోయింది. తడిసి బిగుసుకుపోయిన ముడి, రాలేదు. "నేను విప్తనమ్మా" అని మల్లయ్య మామ వస్తే వద్దని తల ఊపింది. వంగి, ముడిని పైకి లాగి, పళ్ళతో కొరికి విప్పింది. విప్పి, నా రెండు బుగ్గలూ పట్టుకుని ఒక్కటే మాట అంది. "వెళ్ళు."

వెళ్ళాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ. ఇరవై దాటింది, ముప్ఫై దాటింది. వెనకనుంచి అమ్మ గొంతు.

"ఉన్నావా?"

"ఉన్నానమ్మా!" నోట్లో ఉప్పునీళ్ళతో అరిచాను.

"ఉన్నావా?"

"ఉన్నానమ్మా!"

ఎడమకి తిరిగాను, ఇంకా తిరిగాను, తిన్నగా పోవడం నాకెవరూ నేర్పలేదు కదా, గుండ్రంగా తిరిగి సరిగ్గా అమ్మ దగ్గరికే వచ్చాను. ఆవిడ నడుం లోతు నీళ్ళలో అక్కడే, అలాగే నిలబడి ఉంది. నన్ను పట్టుకుని గట్టిగా, బిగ్గరగా ఏడ్చింది. ఈత వచ్చినందుకు ఎవరైనా ఇంతలా ఏడుస్తారా అనుకున్నాను. జాతకాన్ని ఎదిరించింది కదా, అందుకే అనుకున్నాను.

ఆ వారమే మల్లయ్య మామ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఒక మంచినీళ్ళ సీసాలో సముద్రపు నీళ్ళు పట్టుకున్నాడు. "మా అవ్వకు సూపెడ్త. గిదే సముద్రం, నన్ను గుంజుకపోలే అని చెప్త" అన్నాడు. రెండు నెలలకి ఉత్తరం వచ్చింది, వాళ్ళమ్మాయి రాసింది. అవ్వ ఆ నీళ్ళు నాలిక్కి రాసుకుని ఉమ్మేసి, ఉప్పు కలిపి తెచ్చి నన్ను మోసం చేస్తున్నావురా అందట. చదివి అమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ తర్వాత ఉత్తరాలు పలచబడ్డాయి, ఆగిపోయాయి. మేమూ వచ్చేశాం. ఆయన ఎక్కడున్నాడో తెలీదు. ఉంటే డెబ్భై దాటి ఉంటాయి.

నేను ఇరవై ఏళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. "మాకు లెక్కలు రావు మేడమ్, మా అమ్మకీ రాలేదట" అని వచ్చే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. వస్తాయని నేను చెప్పను. వస్తాయో రావో నాకూ తెలీదు, నీకూ తెలీదు, ముందు ఈ ఒక్కటి చేసి చూద్దాం అంటాను. ఆ మాట నాది కాదని వాళ్ళకి తెలీదు. ఇప్పుడు మా అపార్టుమెంటులో నీలం పలకల ఈత కొలను ఉంది. పిల్లలు కళ్ళద్దాలు, టోపీలు పెట్టుకుని, ఫోన్లలో వీడియోలు చూసొచ్చి, మొదటి రోజునే కోచ్‌కి తప్పులు చెబుతారు. ఆ కోచ్ కూడా తెలియదనే మాట ఎప్పుడూ అనడు పాపం, అంటే ఉద్యోగం ఉండదేమో. నన్ను చూసి మాత్రం తల పట్టుకుంటాడు. "ఆంటీ, ఈత బాగుంది, కానీ ఎప్పుడూ ఎడమకి వెళ్ళిపోతారేంటి?" అంటాడు. దిద్దుకోవాలని నాకేం లేదు.

తాడు ఒళ్ళో పెట్టుకుని ఆ మధ్యాహ్నం జాతకం పుస్తకం విప్పాను. ఆశ్చర్యం ఏంటంటే, అంతవరకూ నేనెప్పుడూ దాన్ని చదవలేదు. పెళ్ళప్పుడు కూడా అమ్మే చూసుకుంది. పసుపు మరకల మధ్య ఎవరో పెద్దాయన చేతిరాత. విదేశవాసం ఉంది. నేత్రబాధ ఉంది, అదీ నిజమైంది. విద్యాయోగం, సంతానం, వాతం, అన్నీ ఉన్నాయి. పద్నాలుగో ఏడు పేజీ రెండుసార్లు చదివాను. అక్కడ ఏమీ లేదు. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాను. జలగండం అన్న మాట ఎక్కడా లేదు.

పిన్నికి ఫోన్ చేశాను. అమ్మ తోడబుట్టినవాళ్ళలో మిగిలింది ఆవిడ ఒక్కతే.

"నీకు గండమేంటే? మీ తాతగారు రాయించిన జాతకం, నిక్షేపంలా ఉందని ఊరంతా చెప్పుకున్నారు" అంది. అంతలోనే అడిగింది. "మా పెద్దక్క వరలక్ష్మి సంగతి మీ అమ్మ నీకు చెప్పలేదా?"

"జ్వరం వచ్చి పోయిందని చెప్పింది."

"జ్వరం కాదమ్మా. కాలవలో బిందె జారిపోతే వంగింది. పద్నాలుగేళ్ళు. మీ అమ్మకి పదేళ్ళు, గట్టు మీద నిలబడి ఉంది. పొలం నుంచి మనుషులు వచ్చేదాకా అక్కడే నిలబడి, 'ఉన్నావా అక్కా, ఉన్నావా' అని అరుస్తూనే ఉందట. ఆ మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మీ నాన్నకి మాత్రం పెళ్ళైన కొత్తలో మీ అమ్మ చెప్పిందని నాకు తెలుసు."

ఫోన్ పెట్టేసి తాడు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. అమ్మ జాతకాన్ని ఎదిరించిందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎదిరించడానికి అక్కడ జాతకమే లేదు. ఆ కాలవ ఉంది, అంతే. ఆ కాలవలోకే చీర తడుపుకుంటూ నడిచొచ్చి, పళ్ళతో ముడి విప్పి, వెళ్ళమంది. నాకు పది లెక్కపెట్టుకోవడం నేర్పిన మనిషి ఉన్నాడు. ఆవిడకి ఎవరున్నారు? ఆ నీళ్ళలో నిలబడి ఎంతవరకు లెక్కపెట్టుకుందో నాకు తెలీదు.

ఈత వచ్చాక కూడా అమ్మ తలుపు తట్టడం మానలేదు. చివరి రోజుల్లో మా ఇంట్లో ఉన్నప్పుడు, మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని నడిచొచ్చి మరీ, నలభై దాటిన నన్ను స్నానాల గది బయట నుంచి అడిగేది. "ఉన్నావా?" నాకు స్కూలుకి టైమయ్యేది, చిరాకేసేది. "ఉన్నానమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి!" అని అరిచేదాన్ని. అలా కసిరానని ఈ ఏడాదంతా బాధపడుతూ వచ్చాను. ఇప్పుడు పడడం లేదు. కసురుకుంటూ అయితేనేం, అమ్మ పిలిచిన ప్రతిసారీ నేను పలికాను.